మొలలకు రింగు చికిత్స: ఒక ఆయుర్వేద వైద్యుని స్వానుభవం

మొలల వ్యాధితో బాధపడేవారు వైద్యశాలలో అడుగుపెట్టే తీరే వేరుగా ఉంటుంది. దగ్గుతో వచ్చినవాడు గుమ్మంలోనే దగ్గి చూపిస్తాడు. మోకాళ్ల నొప్పులవారు కూర్చోకముందే తమ బాధ చెప్పడం మొదలుపెడతారు. మొలలవారు మాత్రం తక్కిన రోగులందరూ వెళ్లిపోయేవరకు బెంచీ చివర కూర్చొని, ఆఖరున నా దగ్గరకు వచ్చి, గొంతు తగ్గించి, "కొంచెం వేడి చేసిందండీ" అంటారు.

నలభై ఏళ్లుగా తెనాలిలో ఆయుర్వేద వైద్యం చేస్తున్న నేను ఈ మాటను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. 2011లో అదే మాటను మా ఇంట్లో నేనే చెప్పవలసి వచ్చింది. అప్పటికి నా వయస్సు 54 సంవత్సరాలు. వరుసగా మూడు రోజులు మలవిసర్జన సమయంలో ఎర్రని రక్తం చుక్కలుగా పడింది. నొప్పి లేదు. నా ముఖం చూసి మా ఆవిడ ఏమైందని అడిగితే, "ఏమీ లేదు, వేడి చేసింది" అన్నాను.

ఈ వ్యాసంలో నేను ముఖ్యంగా వివరించదలచినది మొలలకు కోత లేకుండా, మత్తు లేకుండా చేసే రింగు చికిత్సను గురించి. అది నేను స్వయంగా చేయించుకున్న చికిత్స. అయితే దానికి ముందు నా వలన జరిగిన ఒక పొరపాటును పాఠకులకు విన్నవించుకోవాలి. అది చెప్పకుండా ఈ విషయం మీద వ్రాసే అర్హత నాకు లేదు.

నేను చూడని రోగి

2006లో ఒక రైసుమిల్లు గుమాస్తా నా దగ్గరకు వచ్చారు. వయస్సు 46. పొద్దస్తమానం కుర్చీలో కూర్చొని పద్దులు వ్రాసే ఉద్యోగం. మలంతోపాటు రక్తం పడుతున్నదనీ, విరేచనమైన తరువాత కూడా ఇంకా లోపల ఏదో మిగిలి ఉన్నట్లు అనిపిస్తున్నదనీ చెప్పారు. నేను నాడి చూశాను. నాలుక చూశాను. ఆకలిని గురించి, నిద్రను గురించి అడిగాను. చూడవలసిన చోటు మాత్రం చూడలేదు. ఆయన చూపిస్తానని అనలేదు, నేను చూపించమని అడగలేదు. ఆ మొహమాటం ఇద్దరికీ సుఖంగానే ఉన్నది.

రక్తార్శస్సు అని నిర్ణయించి, అభయారిష్టం, త్రిఫలాచూర్ణం, కందతో చేసిన లేహ్యం ఇచ్చాను. మజ్జిగ బాగా తాగమన్నాను. రక్తం కొన్నాళ్లు తగ్గేది, మళ్లీ కనిపించేది. తగ్గినప్పుడల్లా ఆయనకు నా మందు మీద, నాకు నా నిర్ణయం మీద నమ్మకం పెరిగేది. ఏడు నెలలు ఇలాగే గడిచాయి. ఒకనాడు ఆయన, బెల్టుకు కొత్తగా రెండు రంధ్రాలు వేయించుకున్నానని నవ్వుతూ చెప్పారు. ఆ నవ్వుకు నా గుండె జారింది. మరునాడే గుంటూరులో ఒక శస్త్రవైద్యుని దగ్గరకు పంపాను.

ఆ వైద్యుడు చేతికి తొడుగు వేసుకొని వేలితో పరీక్షించారు. ఒక నిమిషం పట్టిందట. వేలికి అందేంత దూరంలోనే మలాశయంలో క్యాన్సరు గడ్డ ఉన్నది. రేడియేషన్ ఇచ్చారు, ఆ తరువాత పెద్ద ఆపరేషన్ చేశారు. మలద్వారాన్ని తీసివేసి, పేగును పొట్ట మీదికి తెచ్చి అక్కడ సంచి అమర్చవలసి వచ్చింది. ఆయన బ్రతికారు. ఇప్పటికీ ఉన్నారు. ఏడు నెలల ముందు ఆ గడ్డ ఎంత ఉండేదో, ఆ సంచి తప్పి ఉండేదో లేదో ఎవరూ చెప్పలేరు. ఆసుపత్రి నుండి వచ్చాక నేను చూడడానికి వెళ్తే, "డాక్టరుగారూ, మీరు చూస్తానన్నా నేను చూపించి ఉండేవాణ్ని కాదేమో లెండి" అన్నారు. నన్ను ఓదార్చడానికి అన్నమాట అని నాకు తెలుసు. నిజానికి అడగవలసినది నేను.

నన్ను ఎక్కువగా బాధించినది మరొక విషయం. సుశ్రుతుడు అర్శస్సుల కోసం ప్రత్యేకంగా ఒక యంత్రాన్నే వర్ణించాడు. ఆవు చన్ను ఆకారంలో, నాలుగు అంగుళాల పొడవుతో, ప్రక్కన రంధ్రాలతో ఉండే గొట్టం అది. పరీక్షించి చూడడానికి ఒక రకం, చికిత్స చేయడానికి మరొక రకం చెప్పాడు. పురుషులకు ఒక కొలత, స్త్రీలకు ఒక కొలత. నేటి ప్రాక్టోస్కోపును చూసినవారికి ఆ వర్ణన కొత్తగా అనిపించదు. విజయవాడలో చదువుకొనే రోజుల్లో ఆ యంత్రం బొమ్మ గీసి, కొలతలతో సహా పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ని నేను. వైద్యశాలలో మాత్రం నా దగ్గర అటువంటి గొట్టం ఒక్కటి కూడా లేకపోయింది.

నా వంతు

పాఠకులు ఇప్పుడు నా 2011 నాటి పరిస్థితిని ఊహించుకోగలరు. రక్తం చూసిన మొదటి రోజే పరీక్ష చేయించుకోవాలని నాకు తెలుసు. తెలిసి కూడా ఐదు వారాలు ఊరకున్నాను. ఇసబ్‌గోలు వాడాను. అత్తిపత్తి రసం తాగాను. మొలల వైద్యుడే మొలలకు ఇంగ్లీషు వైద్యుని దగ్గరకు వెళ్లాడని ఊళ్లో అనుకుంటారేమోనన్న సంకోచం ఒకటి. దానికంటే పెద్దది భయం. ఆ గుమాస్తాకు వచ్చినదే నాకూ వచ్చి ఉంటే? చూపించుకోనంతవరకు అది లేనట్లే అనే భ్రమ ఎంత బలమైనదో నాకు అప్పుడు తెలిసింది. రోగులు ఎందుకు ఆలస్యంగా వస్తారో కూడా అప్పుడే అర్థమైంది.

మా ఆవిడ ఒకరోజు రాత్రి అన్నం వడ్డిస్తూ, "ఆ గుమాస్తాగారిని ఏడు నెలలు చూడలేదని ఇన్నేళ్లు కుమిలిపోయారు. మిమ్మల్ని మీరు ఎన్ని నెలలు చూసుకోకుండా ఉంటారు?" అన్నది. మరునాడు గుంటూరు బస్సు ఎక్కాను.

అదే శస్త్రవైద్యుడు. నాకంటే వయస్సులో చిన్నవారు. ఎడమ ప్రక్కకు తిరిగి, మోకాళ్లు పొట్టకు దగ్గరగా ముడుచుకొని పడుకోమన్నారు. ముందు వేలితో, తరువాత గొట్టంతో పరీక్షించారు. అంతా కలిపి నాలుగైదు నిమిషాలు. నొప్పి అన్నది లేదు, ఇబ్బంది ఉన్నది. రెండవ దశ మొలలు, మూడు చోట్ల ఉన్నాయన్నారు. నేను లేచి కూర్చోబోతుంటే, "మొల కనిపించింది గదా అని రక్తం దాని నుండే వస్తున్నదని అనుకోకూడదండీ. మీ వయస్సుకు పేగు మొత్తం చూడవలసిందే" అని కొలనోస్కోపీ చేయించారు. పేగు శుభ్రంగా ఉన్నది. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి చాలా రోజుల తరువాత కడుపునిండా భోజనం చేశాను.

మొల అంటే ఏమిటి?

మొలలను మూలశంక, మూలవ్యాధి అని కూడా మనవారు వ్యవహరిస్తారు. శత్రువువలె పీడించేది కనుక అర్శస్సు అని సంస్కృతంలో పేరు. మొల అంటే బయటి నుండి పుట్టుకొచ్చిన గడ్డ అని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. మలద్వారం లోపల రక్తనాళాలతో నిండిన మెత్తని దిండ్లవంటి భాగాలు ఆరోగ్యవంతులందరికీ ఉంటాయి. సాధారణంగా మూడు చోట్ల ఉండే ఈ దిండ్లు ద్వారం బిగువుగా మూసుకొనడానికి తోడ్పడతాయి. 1975లో థామ్సన్ అనే శస్త్రవైద్యుడు ఈ విషయాన్ని స్పష్టంగా నిరూపించాడు. గట్టి మలం, ఎక్కువసేపు ముక్కడం, గర్భధారణ మొదలైన కారణాల వలన ఈ దిండ్లను పట్టి ఉంచే కణజాలం సడలి, అవి ఉబ్బి క్రిందికి జారుతాయి. అప్పుడు వాటిని మొలలంటాము.

జారిన మేరను బట్టి నాలుగు దశలు. మొదటి దశలో రక్తం పడుతుంది గానీ మొల బయటికి రాదు. రెండవ దశలో ముక్కినపుడు బయటికి వచ్చి తనంతట తానే లోపలికి పోతుంది. మూడవ దశలో వేలితో నెట్టవలసి వస్తుంది. నాలుగవ దశలో నెట్టినా నిలవదు. కోత లేని చికిత్సలు మొదటి మూడు దశలకే. నాలుగవ దశ వరకు ఆగినవారికి సాధారణంగా కత్తి తప్పదు.

ఇక్కడ పాఠకులు గుర్తుంచుకోవలసిన శరీర రహస్యం ఒకటి ఉన్నది. మలమార్గం లోపల దంతరేఖ అని ఒక గీత వంటి సరిహద్దు ఉంటుంది. దాని క్రింది భాగంలో మన చర్మంలోవలెనే నొప్పి తెలిపే నాడులు ఉంటాయి. సూది గుచ్చితే ప్రాణం పోయినట్లుంటుంది. దాని పైభాగంలో అటువంటి నాడులు లేవు. అక్కడ గుచ్చినా, కట్టినా, కాల్చినా ఒత్తిడివంటి బరువు తెలుస్తుంది తప్ప కోసిన నొప్పి తెలియదు. మత్తు లేకుండా రింగు వేయగలగడానికి కారణం ఇదే.

రింగు వేసిన రోజు

మొల మొదలును గట్టిగా బిగిస్తే రక్తప్రసారం ఆగి, అది ఎండి రాలిపోతుందన్న ఆలోచన మనకు కొత్తది కాదు. పదకొండవ శతాబ్దంలో చక్రపాణిదత్తుడు పసుపు, జెముడుపాలు పలుమార్లు పట్టించిన దారంతో మొలను బిగించి కట్టమన్నాడు. అమెరికాలో బ్లెయిస్‌డెల్ మొదలుపెట్టిన కట్టు పద్ధతిని బారన్ అనే వైద్యుడు రబ్బరు రింగుతో మెరుగుపరచి 1963లో ప్రచురించాడు. ఇన్నేళ్లకు కూడా రెండవ దశ మొలలకు వైద్యులు ఎక్కువగా వాడుతున్నది ఆ పద్ధతినే.

నాకు రింగు వేసిన విధానం ఇది. ఉదయం మామూలుగా విరేచనం అయిన తరువాత వెళ్లాను. ఉపవాసం అక్కరలేదన్నారు. గొట్టం ప్రవేశపెట్టి, మొలను ఒక చిన్న పరికరంలోకి గాలి పీడనంతో లాగారు. ఆ పరికరం చివర సాగదీసి ఉంచిన చిన్న రబ్బరు రింగును మొల మొదట్లోకి జార్చారు. చిన్న చప్పుడు వినిపించింది. "నొప్పిగా ఉన్నదా?" అని రెండుసార్లు అడిగారు. ఆ ప్రశ్న మర్యాద కోసం కాదు. రింగు పడిన వెంటనే తీవ్రమైన నొప్పి వస్తే అది దంతరేఖకు మరీ దగ్గరగా పడినట్లు. దానిని అప్పుడే తీసివేసి పైన మరల వేస్తారు. నాకు బరువు తప్ప ఏమీ తెలియలేదు. ఆ రోజు రెండు చోట్ల వేశారు. ఆరు వారాల తరువాత మూడవది.

ఆ రోజంతా విరేచనానికి వెళ్లాలన్న భావన వదలలేదు. వెళ్లినా అక్కడ ఏమీ లేదు. ముక్కవద్దని ముందే హెచ్చరించారు గనుక ఊరకున్నాను. గోరువెచ్చని నీటి తొట్టిలో పావుగంట కూర్చుంటే ఎంతో హాయిగా ఉన్నది. రెండవ రోజుకు మామూలుగా వైద్యశాలకు వెళ్లాను. ఏడవ రోజున రింగుతోపాటు ఎండిన మొల రాలిపోయింది. ఆనాడు నాలుగైదు చుక్కల రక్తం కనిపించింది. సాధారణంగా ఐదు నుండి పది రోజుల మధ్య ఇలా జరుగుతుంది. ముందుగా తెలియకపోతే ఆ రక్తం చూసి కంగారుపడతారు.

ప్రమాదాలు బొత్తిగా లేవని చెప్పను. రింగు రాలేటపుడు కొందరికి రక్తస్రావం ఎక్కువ కావచ్చు. గుండెజబ్బుకు రక్తం పలచబరిచే మాత్రలు వాడేవారు, అంటే క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటివి వాడేవారు, ఆ సంగతి తప్పనిసరిగా ముందే చెప్పాలి. తమంతట తాము ఆ మాత్రలు ఆపకూడదు. రింగు వేసిన తరువాత జ్వరం, రోజురోజుకూ పెరిగే నొప్పి, మూత్రం బిగుసుకుపోవడం, ఈ మూడింటిలో ఏది కనిపించినా అర్ధరాత్రి అయినా సరే ఆసుపత్రికి వెళ్లాలి. లోపల చీము పట్టే ప్రమాదం అరుదు, కానీ వస్తే ప్రాణాంతకం.

ఇతర పద్ధతులు

రింగు పాతబడిపోయింది, లేజరే మేలు అని చాలామంది నాతో అంటుంటారు. "కోత లేదు, నొప్పి లేదు, ఒక్కరోజులో ఇంటికి" అన్న ప్రకటనలు బస్టాండు గోడల మీద కూడా కనిపిస్తాయి. లేజరు చికిత్సలో సన్నని తంతువును మొలలోకి చొప్పించి వేడితో దానిని కుదింపజేస్తారు. రెండు, మూడు దశలలో ఇది పనిచేస్తుంది. కోత చాలా చిన్నది అన్నమాట నిజమే. అయితే దానికి సాధారణంగా నడుముకు మత్తు ఇవ్వవలసి ఉంటుంది, ఖర్చు ఎక్కువ, మొల తిరిగి రాదన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. రింగుతో పోయే మొలకు లేజరు చేయించుకొనడం ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకొన్నంత కాకపోయినా, పర్సుకు మాత్రం ఆ బాపతే.

1995లో జపానులో మోరినాగా ప్రవేశపెట్టిన పద్ధతి మరొకటి ఉన్నది. డాప్లర్ శబ్దం సహాయంతో మొలకు రక్తం తెచ్చే ధమనిని కనిపెట్టి కుట్టుతో కట్టివేస్తారు. రింగునూ దీనినీ పోల్చి బ్రిటనులో జరిపిన ఒక పెద్ద అధ్యయనం 2016లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఒక సంవత్సరంలో మొలలు తిరగబెట్టినవారు రింగు వర్గంలో 49 శాతం, ధమని కట్టు వర్గంలో 30 శాతం. ఈ అంకెలు చూసి రింగును త్రోసిపుచ్చకూడదు. రెండవసారి రింగు వేయడాన్ని వైఫల్యంగా లెక్కించకపోతే ఆ తేడా బాగా తగ్గిపోయింది. పైగా ధమని కట్టులో మొదటి రోజుల నొప్పి, ఖర్చు రెండూ ఎక్కువే. రింగు ఒక్కసారితో తీరేది కాదు, అవసరమైతే మళ్లీ వేయించుకొనేది అని ముందే తెలిసి వెళ్తే నిరాశ ఉండదు.

స్టేప్లరు పద్ధతిని ఇటలీకి చెందిన లోంగో 1998లో ప్రపంచానికి పరిచయం చేశాడు. జారిన పొరను గుండ్రంగా కత్తిరించి పైకి లాగి పిన్నులు వేస్తారు. మొదటి వారాలలో నొప్పి తక్కువ. కానీ 2016లోనే వెలువడిన మరొక బ్రిటిష్ అధ్యయనంలో, రెండేళ్ల తరువాత చూస్తే పాత కోత పద్ధతి చేయించుకొన్నవారే మెరుగ్గా ఉన్నారు. 1937లో లండనులో మిల్లిగన్, మోర్గన్ వర్ణించిన ఆ పాత ఆపరేషన్ నొప్పికి పేరుమోసినదే. అయినా నాలుగవ దశకు, పెద్ద మూడవ దశకు అది ఇప్పటికీ అవసరమే.

మొదటి దశలో రక్తం ఆపడానికి ఇచ్చే ఇంజెక్షనులో బాదంనూనె కలుస్తుందని చెబితే మా రోగులు ఆశ్చర్యపోతారు. బాదంనూనెలో 5 శాతం ఫినాల్ కలిపి మొల పైభాగంలో ఎక్కిస్తారు. అర్హత గల శస్త్రవైద్యుడు చేస్తే ఇది మంచి చికిత్స. పట్టా లేనివారు సందుల్లో గదులు అద్దెకు తీసుకొని వేసే ఇంజెక్షనులు వేరు. మందు ఏదో, ఎక్కడ పడుతున్నదో తెలియని ఆ సూదుల వలన కుళ్లిన గాయాలతో, బిగుసుకుపోయిన ద్వారంతో వచ్చినవారిని నేను చూశాను. దయచేసి అటు వెళ్లకండి.

క్షారసూత్రం సంగతి

ఆయుర్వేద పత్రికలో ఆయుర్వేద వైద్యుడు ఇదంతా వ్రాసి క్షారసూత్రాన్ని మరిచాడేమని పాఠకులు అడగవచ్చు. మరువలేదు. సుశ్రుతుడు అర్శస్సులకు నాలుగు ఉపాయాలు చెప్పాడు. కొత్తగా వచ్చి, లక్షణాలు స్వల్పంగా ఉన్నవాటికి ఔషధం. మెత్తగా, వ్యాపించి ఉన్నవాటికి క్షారం. గరుకుగా, గట్టిగా ఉన్నవాటికి అగ్నికర్మ. సన్నని మొదలుతో పైకి లేచినవాటికి శస్త్రం. కత్తి ఈ నాలుగింటిలో ఒకటి మాత్రమే. క్షారం పూసిన మొల నేరేడుపండు రంగుకు తిరిగినపుడు పుల్లని ద్రవంతో కడగమన్నాడు. క్షారాన్ని ఆమ్లంతో విరచడమన్న ఆ సూత్రం ప్రకారమే నేడు నిమ్మరసంతో కడుగుతున్నారు.

చక్రదత్తంలోని దారానికి మళ్లీ ప్రాణం పోసినది బనారస్ హిందూ విశ్వవిద్యాలయం. 1960ల నుండి ఆచార్య పి.జె. దేశ్‌పాండే, ఆయన సహచరులు అక్కడ దానిని అభివృద్ధి చేశారు. శస్త్రచికిత్సకు వాడే దారానికి ఆకుజెముడు పాలు 11 సార్లు, పాలతోపాటు ఉత్తరేణి క్షారం 7 సార్లు, పాలతోపాటు పసుపు 3 సార్లు, వెరసి 21 పూతలు పూస్తారు. ప్రతి పూతా ఆరిన తరువాతనే మరొకటి. దీని గొప్పతనం మొలలలో కంటె భగందరంలో, అంటే చీముకారే రంధ్రపు వ్యాధిలో ఎక్కువగా కనిపిస్తుంది. భారత వైద్య పరిశోధన మండలి వివిధ కేంద్రాలలో జరిపించిన అధ్యయనం 1991లో ప్రచురితమైంది. దారంతో మానడానికి దాదాపు ఎనిమిది వారాలు, ఆపరేషన్‌తో నాలుగు వారాలు పట్టింది. కానీ ఏడాదిలో వ్యాధి తిరిగి వచ్చినది దారంతో 4 శాతానికి, ఆపరేషన్‌తో 11 శాతానికి. ఇది మనం గర్వంగా చెప్పుకోదగిన ఫలితం.

మొల మొదట్లో క్షారసూత్రం కట్టినా అది కొద్ది రోజులలో రాలిపోతుంది. అయితే సూదితో దారం గుచ్చి కట్టడానికి మత్తు కావాలి, రింగు కంటె నొప్పి ఎక్కువ. అందుకే రెండవ దశ మొలలతో ఉన్న నేను రింగునే ఎంచుకున్నాను. ఈ మాటకు కొందరు సహవైద్యులు నా మీద అలిగారు. అలిగినా నిజం నిజమే. పెద్ద మొలలకు, భగందరానికి మాత్రం శల్యతంత్రంలో పై చదువు చదివిన ఆయుర్వేద శస్త్రవైద్యుల దగ్గరకు నేనే పంపుతున్నాను. ఇంట్లో జెముడుపాలు, సున్నం, సబ్బు కలిపి మొలకు పట్టించే మొరటు పద్ధతి మన పల్లెల్లో ఇంకా ఉన్నది. ఆ పాలు చర్మాన్ని తినివేస్తాయి, కంట్లో పడితే చూపుకే ముప్పు. ఎవరూ ప్రయత్నించరాదు.

ఇంట్లో చేయదగినవి

మొదటి దశ మొలలు చాలామందికి ఆహార నియమంతోనే అదుపులోకి వస్తాయి. రింగు వేయించుకొన్నవారికి కూడా ఈ నియమం లేకపోతే మొల మళ్లీ వస్తుంది. తినవలసినది పీచు, మానవలసినది ముక్కడం. రాత్రి పడుకోబోయే ముందు ఒకటి లేక రెండు చెంచాల ఇసబ్‌గోలును పెద్ద గ్లాసుడు నీటితో తీసుకోవాలి. నీరు తక్కువైతే అదే మలాన్ని బిగిస్తుంది, ఈ సంగతి చాలామంది మరచిపోతారు. వెన్న తీసిన పలచని మజ్జిగను చరకుడు వాతకఫ ప్రధానమైన అర్శస్సులకు ఎంతగానో మెచ్చుకున్నాడు. మధ్యాహ్న భోజనంతో ఒక గ్లాసు తాగవచ్చు. కందకు అర్శోఘ్నమని సంస్కృతంలో పేరే ఉన్నది. చింతపండు పులుసులో బాగా ఉడికించి తినాలి, లేకపోతే గొంతు దురద. తోటకూర, బీరకాయ, జామపండు, దంపుడుబియ్యం మేలు. మిరపకాయ వలననే మొలలు పుడతాయన్నది అపోహ. ఉన్న మొలకు మంట పెట్టవచ్చు గనుక, మన గుంటూరువారు ఆ నాలుగు రోజులైనా ఆవకాయ జాడీకి దూరంగా ఉంటే మంచిది.

మరుగుదొడ్డిలో ఐదు నిమిషాలు మించి కూర్చోరాదు. పూర్వం పేపరు తీసుకువెళ్లేవారు, ఇప్పుడు సెల్‌ఫోను తీసుకువెళ్తున్నారు. గర్భిణీ స్త్రీలలో వచ్చే మొలలు చాలావరకు కాన్పు తరువాత తగ్గుతాయి. వారు తొందరపడి ఏ చికిత్సా చేయించుకోనక్కరలేదు, కానీ వైద్యునికి చెప్పాలి.

ఇవన్నీ పరీక్ష జరిగిన తరువాత చేయవలసినవి. మలవిసర్జన వేళలు మారినా, బరువు తగ్గినా, మలంతో జిగురు కలిసి వచ్చినా, పూర్తిగా కాలేదన్న భావన నిలిచిపోయినా, రక్తం నల్లగా లేక మలంతో కలిసిపోయి వచ్చినా, రక్తహీనత కనిపించినా, ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సరు వచ్చి ఉన్నా, చూర్ణాల జోలికి పోక ముందు పేగును చూపించుకోవాలి. నా గుమాస్తా రోగికి వీటిలో ఒకటి మొదటి రోజునే ఉన్నది. ఆయన చెప్పారు, నేను విన్నాను, అయినా గుర్తించలేదు.

ఇప్పుడు మా వైద్యశాలలో ఒక మూలగా తెర కట్టిన బల్ల ఉన్నది. చేతి తొడుగులు, ప్రాక్టోస్కోపు, టార్చిలైటు ఉన్నాయి. వేడి చేసిందని ఎవరన్నా నేను ముందు ఆ బల్ల వైపు చూపిస్తాను. ఆడవారికైతే మా ఊరిలోని ఒక వైద్యురాలి దగ్గరకు చీటీ వ్రాసి ఇస్తాను. కొందరు ఆ బల్లను చూసి తిరిగి రారు. ఆదాయం కొంత తగ్గింది.

2012లో ఒక సాయంత్రం ఆ గుమాస్తాగారు తన తమ్ముణ్ని వెంటబెట్టుకొని వచ్చారు. తమ్మునికి 44 ఏళ్లు. నెల రోజులుగా రక్తం పడుతున్నదట. "ఏదో ఒక చూర్ణం ఇవ్వండి చాలు" అని ఆయన గుమ్మం దగ్గరే నిలబడ్డారు. అన్నగారు ఏమీ మాట్లాడకుండా తమ్ముని భుజం పట్టి తెర వెనుకకు నడిపించి, తాను బయట బెంచీ మీద కూర్చున్నారు. పరీక్షిస్తే మొదటి దశ మొలలు స్పష్టంగా కనిపించాయి. అయినా గుంటూరుకు పంపాను. అన్నకు 46వ ఏట క్యాన్సరు బయటపడింది గనుక, తోడబుట్టినవారికి దానికి పదేళ్ల ముందునుండే, అంటే 36వ ఏటనే, పేగు పరీక్ష జరిగి ఉండవలసింది. అప్పటికే ఎనిమిదేళ్లు ఆలస్యం.

కొలనోస్కోపీలో పెద్దపేగు ఎడమ భాగంలో ఒక చిన్న పిలక కనిపించింది. అప్పటికప్పుడే తీసివేశారు. పరీక్షకు పంపితే అది ఇంకా క్యాన్సరుగా మారలేదని తేలింది. ఆ తరువాత కూడా క్రమం తప్పకుండా ఆయన పేగు పరీక్ష చేయించుకుంటున్నారు. మొలలకు మాత్రం రింగు అవసరమే రాలేదు. ఇసబ్‌గోలు, మజ్జిగ సరిపోయాయి.